బారి బారిన పడితే: పాతబస్తీ, కొత్త ఊరు ఒక్క రోజులో ఎలా చూడాలి

ఇటలీ మ్యాపు బూటులా ఉంటుందని చిన్నప్పుడు జాగ్రఫీ క్లాసులో చెప్పేవారు గుర్తుందా? ఆ బూటు మడమకి కాస్త పైన, తూర్పు సముద్రం ఒడ్డున ఉన్న ఊరు బారి. పూల్యా ప్రాంతానికి రాజధాని. జనం మూడు లక్షల పైచిలుకు. మనవాళ్ళు ఇటలీ వెళ్తే రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టేసి ఇంటికొచ్చేస్తారు. బారిలో దిగేది గ్రీసు వెళ్ళే ఓడ ఎక్కడానికో, రైలు మారడానికో.

నేనూ మొదటిసారి అలాగే దిగాను. రెండు రైళ్ళ మధ్య నాలుగు గంటలు దొరికాయి కదా, ఊరు చూసొద్దామని బయల్దేరాను. టైము మధ్యాహ్నం రెండున్నర. షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. పెద్ద బజారు వీధిలో మనిషి లేడు. కర్ఫ్యూ ఏమైనా పెట్టారేమో అనుకున్నాను. స్టేషన్‌లో మిషన్ నుంచి చిప్స్ పాకెట్ కొనుక్కుని తిని, ఈ ఊళ్ళో ఏమీ లేదని తేల్చేసి రైలెక్కాను. తప్పు ఊరిది కాదని రెండోసారి వెళ్ళి మూడు రోజులు ఉన్నాక తెలిసింది. బారిలో ఏ వేళకి ఏ పేటలో ఉండాలో తెలిస్తే చాలు, మిగతాదంతా ఊరే చూపిస్తుంది. పొద్దున పాతబస్తీ, సాయంత్రం కొత్త ఊరు, రాత్రికి మళ్ళీ పాతబస్తీ. ఈ వరస మార్చకండి.

ముందు సరిహద్దు ఎక్కడో చూసుకోండి

హోటల్ బుక్ చేసేముందే మ్యాపులో కోర్సో విత్తోరియో ఎమనుయేలె అనే రోడ్డు వెతకండి. ఇటాలియన్ పేర్లకి భయపడక్కర్లేదు. మన మాటల్లాగే అవీ దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, రెండుసార్లు అంటే నోటికి వచ్చేస్తాయి. ఆ రోడ్డుకి ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకెళ్ళిన ముక్క పాతబస్తీ, అంటే బారి వెక్కియా. ఆ సందులకి ఒక లెక్కంటూ లేదు. దక్షిణాన గళ్ళ నోటుబుక్కులా గీసినట్టున్నది కొత్త ఊరు, అదే మురాత్ పేట.

కొత్త ఊరు అన్నానని నిన్నమొన్నటిది అనుకోకండి, దాని వయసు రెండొందల ఏళ్ళు దాటింది. అప్పటిదాకా ఊరంతా కోటగోడల లోపలే ఇరుక్కుని ఉండేది. నెపోలియన్ బావగారు జోకిమ్ మురాత్ నేపుల్స్ రాజుగా ఉన్న రోజుల్లో, 1813 ఏప్రిల్ 25న గోడల బయట కొత్త పేటకి మొదటి రాయి వేశాడు. పాపం, అది పెరిగి పెద్దదవడం చూసే రాత ఆయనకి లేదు. 1815 అక్టోబరులో తుపాకులతో కాల్చి చంపేశారు. ఆయన పేరు మాత్రం పేటకి నిలిచిపోయింది. 1865లో రైలు వచ్చాక ఊరు స్టేషన్ దాకా పాకింది.

బస ఎక్కడంటే, స్టేషన్‌కీ ఆ సరిహద్దు రోడ్డుకీ మధ్యలో చూసుకోండి. పాతబస్తీలో గదులు ముచ్చటగానే ఉంటాయి కానీ ఇరుకు మెట్లు ఉంటాయి, లిఫ్టు ఉండదు, టాక్సీ గుమ్మం దాకా రాదు. ఇరవై మూడు కిలోల సూట్‌కేసు రాళ్ళ సందుల్లో లాక్కెళ్ళే ఓపిక మీకుంటే మీ ఇష్టం.

ఎయిర్‌పోర్టు నుంచి సెంట్రల్ స్టేషన్‌కి లోకల్ రైలు ఉంది, ఇరవై నిమిషాల లోపే చేరుస్తుంది. రోమ్ నుంచి ఫాస్ట్ రైలులో సుమారు నాలుగు గంటలు. ప్రాంతీయ రైళ్ళకి కాగితం టికెట్ కొంటే, ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర కొట్టించడం మర్చిపోకండి. డబ్బు కట్టి కొన్న టికెట్టే అయినా ముద్ర లేకపోతే ఫైన్ వేస్తారు.

పొద్దున్నే రేవు దగ్గర మొదలుపెట్టండి

బారి తూర్పు తీరం ఊరు. విశాఖలోలాగే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. లేవగలిగితే ఆ వేళకి పాత రేవు దగ్గరికి వెళ్ళండి. అక్కడ మార్గెరీతా థియేటర్ అనే తెల్లటి భవనం కనిపిస్తుంది. దాన్ని నీళ్ళలో స్తంభాలు దింపి వాటి మీద కట్టారు. దీని వెనక ఊళ్ళో అందరూ చెప్పే కథ ఒకటుంది. పెత్రుత్సెల్లి అన్నదమ్ములు పెద్ద థియేటర్ కడుతూ, బారి నేల మీద ఇంకో థియేటర్‌కి మునిసిపాలిటీ అనుమతి ఇవ్వకూడదని ఒప్పందం రాయించుకున్నారట. నేల మీద కదా కుదరనిది, నీళ్ళ మీద కడతామని ఇంకొకళ్ళు దీన్ని లేపారు! 1914లో తెరిచారు. ఇప్పుడు ఇందులో ఆర్ట్ ఎగ్జిబిషన్లు పెడుతున్నారు.

దాని పక్కనే జాలర్లు కూడే చోటు. స్థానిక యాసలో ‘న్‌దెర్ర ఆ లా లాంజ్’ అంటారు, పడవలు ఒడ్డుకొచ్చే చోటని అర్థం. అప్పుడే పట్టిన ఆక్టోపస్‌ని రాతి మీద చాకిరేవు బట్టలా బాదుతుంటారు. తర్వాత తొట్టెలో వేసి గిరగిరా తిప్పుతారు. అలా చేస్తే కండ మెత్తబడి కాళ్ళు వంకీలు తిరుగుతాయి. దాన్ని పచ్చిగానే తినేస్తారు, తోడుగా పొద్దున్నే బీరు. నేను చేపలు తింటాను కానీ అంత దూరం వెళ్ళలేకపోయాను. తినకపోయినా చూడండి, నిలబడి చూస్తే ఎవరూ ఏమీ అనరు.

పాతబస్తీలోకి తూర్పు వైపు నుంచి వెళ్ళండి

రేవు నుంచి రెండడుగులు వేస్తే ఫెర్రరేజె చౌక్. తవ్వకాల్లో బయటపడ్డ పాత రోమన్ రోడ్డు ముక్కని అక్కడే ఉంచేశారు. దాన్ని దాటితే మెర్కాంటీలె చౌక్, అంటే వర్తకుల అంగడి. దీని మూలన ఒక రాతి స్తంభం, పక్కన కూర్చున్న రాతి సింహం. పేరు న్యాయస్తంభం. అప్పు తీర్చలేనివాళ్ళని ఇక్కడికి తెచ్చి ఊరందరి ముందూ పరువు తీసేవారు. సింహం రొమ్ము మీద ‘న్యాయానికి కాపలాదారు’ అని లాటిన్‌లో చెక్కి ఉంటుంది. ఇప్పుడు పిల్లలు దాని మీదెక్కి ఫోటోలు దిగుతున్నారు.

ఇక్కడ మీకు రెండు దారులు. నేరుగా సందుల్లోకి దూరొచ్చు, లేదా మెట్లెక్కి మురాల్యా అనే పాత కోటగోడ మీద నడవొచ్చు. పొద్దున పూట గోడే మేలు. కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన ఇళ్ళ కిటికీలు, ఆరేసిన దుప్పట్లు, ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. గోడ చివర్న కిందికి దిగితే సెయింట్ నికోలస్ చర్చి దగ్గర తేలుతారు.

ఇక్కడ తొందరపడకండి

ఈ నికోలస్ ఎవరో కాదు, మన క్రిస్మస్ తాతే. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరికి బిషప్. కట్నం లేక పెళ్ళిళ్ళు ఆగిపోయిన ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇంట్లో రాత్రివేళ బంగారం మూటలు పడేసి వెళ్ళాడని కథ. ఈయన బొమ్మల్లో చేతిలో మూడు బంగారు గుండ్లు కనిపిస్తే అవే ఆ మూటలు.

మరి టర్కీ బిషప్ బారికి ఎలా వచ్చాడు? ఎత్తుకొచ్చారు. 1071లో ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు బారిని పట్టుకున్నారు. అప్పటిదాకా బైజాంటిన్ సామ్రాజ్యానికి, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యానికి, ఈ వైపు ముఖ్యపట్నంగా వెలిగిన ఊరి హోదా దాంతో పోయింది. పేరున్న మహాత్ముడి అస్థికలు ఊళ్ళో ఉంటే యాత్రికులు వస్తారు, వాళ్ళ వెంట వ్యాపారమూ వస్తుంది. వెనిస్ వాళ్ళూ అదే ఆలోచనలో ఉన్నారు. వాళ్ళకంటే ముందే బారి నావికులు, లెక్కకి 62 మంది అంటారు, మైరాలో సమాధి పగలగొట్టి అస్థికలు తీసుకుని 1087 మే 9న ఈ రేవులో దిగారు. ఊరు దీన్ని దొంగతనం అనదు, ‘తరలింపు’ అంటుంది. ఏటా మే 7 నుంచి 9 దాకా పెద్ద పండగ చేస్తుంది.

లోపల చూడాల్సింది కింద ఉంది. మెట్లు దిగితే 26 స్తంభాల మీద నిలిచిన నేలమాళిగ, మధ్యలో సమాధి. 1089లో పోప్ అర్బన్ 2 స్వయంగా వచ్చి అస్థికలని ఇక్కడ ఉంచాడు. సమాధిలో ఊరే నీటిని ‘మన్నా’ అంటారు, ప్రతి మే 9న తీస్తారు. ఇది క్యాథలిక్ చర్చే అయినా తూర్పు ఆర్థడాక్స్ క్రైస్తవులకీ పవిత్రమే. తలకి గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు కమ్మీల ముందు మోకరిల్లి ఉంటారు. నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ జాబితా చూసుకుంటూ పేర్లు చదువుతోంది. భాష తెలియలేదు కానీ మన గుళ్ళో గోత్రనామాలు చెప్పించుకుంటున్నట్టే అనిపించి, అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

పైన ప్రధాన వేదిక వెనక పాలరాతి సమాధి బోనా స్ఫోర్జాది. పోలండ్ రాణి, బారికి డచెస్, 1557లో పోయింది. చర్చి ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. వేసవిలో అయినా సంచిలో ఒక చున్నీ ఉంచుకుంటే ఇబ్బంది ఉండదు.

సందుల్లో తప్పిపోండి, ఫర్వాలేదు

ఇక్కణ్ణుంచి ఫోన్ జేబులో పెట్టేయండి. ఈ సందుల్లో మ్యాపు చుక్క ఎలాగూ గోడలు దూకుతుంది. శత్రువులు లోపలికొస్తే దారి తెలియకూడదనే సందుల్ని ఇలా మెలికలు తిప్పారని ఇక్కడివాళ్ళు గొప్పగా చెబుతారు. సముద్రపు ఈదురుగాలికి అడ్డం అనే మాటా ఉంది. ఎటు నడిచినా పావుగంటలో గోడకో, కోటకో, ఆ సరిహద్దు రోడ్డుకో తగులుతారు. అంతకంటే దూరం పోవడానికి చోటు లేదు.

1980, 90ల్లో ఈ పేటకి చాలా చెడ్డపేరు ఉండేది. స్కూటర్ మీదొచ్చి బ్యాగులు లాక్కుపోయేవాళ్ళ అడ్డా అని కొత్త ఊరివాళ్ళే ఇటు రాకపోయేవారట. 90ల చివర్నుంచి రోడ్లు, దీపాలు, చౌకులు బాగుచేశాక మారింది. ఇప్పుడు కుటుంబాలతో తిరుగుతున్నారు. అయినా ఫోన్ చేతిలో ఊపుకుంటూ నడవకండి, ఏ ఊళ్ళో అయినా ఉండే జాగ్రత్తే. స్కూటర్లు మాత్రం ఇప్పటికీ సందుల్లో దూసుకొస్తాయి. నేల రాళ్ళు వందల ఏళ్ళ అరుగుదలకి నున్నగా అయిపోయాయి. వాన పడితే జారుతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి.

ఇంకో మాట. ఇక్కడ గుమ్మం ముందు సందు కూడా ఇంట్లో భాగమే. కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తుంటారు, మలుపుల్లో గోడ గూళ్ళలో మరియమ్మకి దీపం పెడుతుంటారు. గూళ్ళని ఫోటో తీసుకోండి, మనుషులనైతే అడిగి తీయండి. తెరిచిన తలుపు కనిపించింది కదాని లోపలికి కెమెరా తిప్పకండి.

తిరుగుతూ తిరుగుతూ సాన్ సబీనో చర్చికి వస్తారు, ఊరి అసలు కతీడ్రల్ ఇదే. 1156లో సిసిలీ రాజు గుల్యెల్మో బారిని నేలమట్టం చేశాక తిరిగి కట్టింది. ఏటా జూన్ 21 సాయంత్రం, గులాబీ ఆకారపు కిటికీలోంచి పడే వెలుగు నేల మీది మొజాయిక్ పువ్వు మీద రేకుకి రేకు సరిపోయేలా వాలుతుంది. ఆ రోజుల్లో ఊళ్ళో ఉంటే వదులుకోకండి. మిగతా రోజుల్లో నికోలస్ చర్చి చూశాక ఇది కాస్త వెలితిగా అనిపిస్తే మీ తప్పేం లేదు. బిషప్‌గారి చర్చి కంటే నావికుల చర్చికే జనం ఎక్కువ. అస్థికలు ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా వచ్చిన రోజు నుంచీ అంతే.

వేళ్ళ మీద గవ్వలు

కోట దగ్గరికి వచ్చేసరికి పదకొండు అయి ఉంటుంది. రాజు రుజ్జేరో కట్టించిన కోట ఇది, 1233లో చక్రవర్తి ఫ్రెడరిక్ 2 తిరిగి లేపాడు. చరిత్ర ఇష్టమైతే లోపలికి వెళ్ళండి. లేకపోతే ఎదురుగా ఉన్న కమాను కిందనుంచి ఆర్కో బస్సో సందులోకి తిరగండి. చాలామంది బారికి వచ్చేది ఈ సందు కోసమే.

గుమ్మాల ముందు బల్లలు వేసుకుని ఆడవాళ్ళు ఒరెక్కియెత్తె చేస్తుంటారు. ‘చిన్న చెవులు’ అని అర్థం. పిండిని తాడులా పామి, కత్తితో గోరంత ముక్క కోసి, అదే కత్తి మొనతో బల్ల మీద లాగి, బొటనవేలి మీద తిరగేస్తారు. ఒక్క క్షణం పని. గవ్వలు చేసే ఇంట్లో పెరిగినవాళ్ళకి ఈ చెయ్యి కదలిక వెంటనే తెలిసిపోతుంది. మా అమ్మమ్మ గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి లాగేది, వీళ్ళకి చెక్క కూడా అక్కర్లేదు. గట్టి గోధుమ రవ్వ లాంటి పిండి, నీళ్ళు, అంతే. గుడ్డు పడదు, కాబట్టి శాకాహారులు నిశ్చింతగా కొనొచ్చు.

కొనేముందు పది నిమిషాలు నిలబడి చూడండి. నిజంగా చేతిలో తయారవుతున్నదే సంచిలోకి వెళ్తోందా, లేక ఎక్కడో మిషన్ మీద చేసింది ముందే నింపి ఉంచారా అని. చేత్తో చేసినవి ఒకదానిలా ఒకటి ఉండవు, వీపు గరుగ్గా ఉంటుంది. ఇంటికి తెచ్చుకోవాలంటే బాగా ఆరినవే అడగండి. తడివి సూట్‌కేసులో బూజు పడతాయి.

మధ్యాహ్నం తిని, పడుకోండి

ఇప్పుడు సరిహద్దు రోడ్డు దాటి కొత్త ఊళ్ళోకి రండి. ఒంటిగంట దాటాక దుకాణాలు మూస్తారు, మళ్ళీ తెరిచేది నాలుగున్నర, ఐదుకి. ఆ విరామాన్ని ‘కొంత్రోరా’ అంటారు. నేను మొదటిసారి దిగింది సరిగ్గా ఈ మధ్యలోనే. కాబట్టి ఒంటిగంట లోపు బేకరీ పట్టుకోండి. టమాటా, ఆలివ్‌లు వేసి, అడుగు ఆలివ్ నూనెలో కరకరలాడేలా కాల్చిన ఫొకాచ్చా ముక్క చేతికి ఇస్తారు. తూకం వేసి అమ్ముతారు, వేడిగా ఉన్నదే అడగండి.

హోటల్లో కూర్చుని తినాలంటే ‘కొపెర్తో’ అని మనిషికి ఇంతని బిల్లులో వేస్తారు, మోసం అనుకోకండి, అక్కడి పద్ధతే అది. శాకాహారులకి ఒక హెచ్చరిక: ఒరెక్కియెత్తెని ‘చీమె ది రాపా’ అనే కాస్త చేదుగా ఉండే ఆకుకూరతో వండుతారు, పేరు చూస్తే శుద్ధ శాకాహారమే. కానీ తాలింపులో అచ్చూగె, అంటే ఉప్పుచేప కరిగించి వేయడం మామూలు. ‘సెన్‌జా అచ్చూగె’ అని ముందే చెప్పండి. కారం తినేవాళ్ళు ‘అస్సస్సీనా’ స్పగెత్తి అడగండి. ఉడకబెట్టకుండా ఇనుప మూకుడులోనే, మిరపకాయల టమాటా రసం కొంచెం కొంచెం పోస్తూ అడుగంటేదాకా మాడ్చిన స్పగెత్తి. మాడు అంటే పడిచచ్చే నాలాంటివాళ్ళకి పండగే.

తిన్నాక గదికెళ్ళి పడుకోండి. మనసొప్పకపోతే లుంగోమారె అనే సముద్రం రోడ్డు మీద దక్షిణంగా నడవండి. వరసగా ఇనుప దీపస్తంభాలు, 1930ల నాటి పెద్ద పెద్ద సర్కారు భవనాలు. ముస్సోలినీ కాలపు డాబు ఆ గోడల్లో ఇంకా కనిపిస్తుంది. ఆ దారిలో అరగంట నడిస్తే ఊరి బీచ్, పేరు ‘రొట్టె–టమాటా’. నిజంగానే!

పాతబస్తీకి అవతల, పడమటి వైపున్న పెద్ద రేవుకి మాత్రం వేరే చరిత్ర ఉంది. 1943 డిసెంబరు 2 రాత్రి జర్మన్ విమానాలు దాని మీద బాంబులు వేశాయి. మునిగిన ఓడల్లో ఒక అమెరికన్ ఓడ లోపల రహస్యంగా మస్టర్డ్ గ్యాస్ అనే, ఒళ్ళు కాల్చే విషవాయువు బాంబులు ఉన్నాయి. ఒళ్ళు కాలి వచ్చినవాళ్ళకి ఏ వైద్యం చేయాలో ఆసుపత్రిలో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే గ్యాస్ సంగతి ఎవరూ చెప్పలేదు. 1991 ఆగస్టు 8న అదే రేవుకి వ్లోరా అనే ఓడలో అల్బేనియా నుంచి 20 వేల మంది దాకా ఒకేసారి వచ్చి దిగారు. రేవులో ఇప్పుడు ఓడ టికెట్ల కౌంటర్లు తప్ప చూడ్డానికేమీ లేదు.

సాయంత్రం కొత్త ఊరు ముస్తాబవుతుంది

ఆరు దాటాక స్పారానో వీధికి వెళ్ళండి. స్టేషన్ ఎదుటి పార్కు నుంచి పాతబస్తీ అంచు దాకా తిన్నగా సాగుతుంది, బండ్లు రావు. మధ్యాహ్నం ఎడారిలా ఉన్న వీధి ఇదేనా అనిపిస్తుంది. తాతలు కోట్లు తొడుక్కుని, బామ్మలు లిప్‌స్టిక్ వేసుకుని, కాలేజీ పిల్లలు గుంపులుగా పైకీ కిందికీ నడుస్తుంటారు. కొనేది తక్కువ, కనిపించడం, పలకరించుకోవడం ఎక్కువ. ‘పారిస్‌కి సముద్రం ఉంటే చిన్న బారి అయ్యేది’ అని వీళ్ళ సామెత. స్పారానో వీధిలో సాయంత్రం ఏడింటికి ఆ గొప్ప పోనీలే అనిపిస్తుంది.

షాపులు ఎక్కడైనా ఉండేవే, తల పైకెత్తి బాల్కనీలు చూడండి. అక్కణ్ణుంచి తూర్పుగా కోర్సో కవూర్ మీదికి వస్తే ఎర్రటి పెత్రుత్సెల్లి థియేటర్. పొద్దున చెప్పిన ఒప్పందం వీళ్ళదే. 1903లో తెరిచారు. 1991 అక్టోబరు 27 తెల్లవారుజామున ఎవరో నిప్పు పెడితే కాలిపోయింది. మళ్ళీ తెర లేచింది 2009లో. పద్దెనిమిదేళ్ళు ఆ మొండిగోడల ముందు నుంచే ఊరు రోజూ ఆఫీసులకి వెళ్ళింది. టికెట్ దొరికితే ఏ ప్రదర్శన అయినా సరే లోపల కూర్చోండి.

కాఫీ తాగాలంటే కౌంటర్ దగ్గర నిలబడే తాగండి, కూర్చుంటే చాలాచోట్ల రేటు మారుతుంది.

రాత్రికి మళ్ళీ సందుల్లోకి

తొమ్మిదింటికి సరిహద్దు రోడ్డు ఇంకోసారి దాటండి. మెర్కాంటీలె చౌక్ నిండా కుర్చీలు పడి ఉంటాయి. అక్కడ ఆగకుండా లోపలికి వెళ్తే, మూకుడు ముందు కూర్చుని స్గల్యోత్సె వేయించేవాళ్ళు కనిపిస్తారు. మొక్కజొన్న పిండిని గట్టిగా ఉడికించి, చల్లార్చి, బిళ్ళలుగా కోసి నూనెలో వేయిస్తారు. పైన ఉప్పు, కాగితం పొట్లం. కాస్త పచ్చికారం ఉంటే మన బజ్జీల బండి ముందు నిలబడినట్టే. చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి, ఇక్కడ కార్డు తీస్తే నవ్వుతారు.

పొట్లం అయిపోయాక దారి తెలియకపోతే ఏ సందులోనైనా నడుస్తూ పోండి. వీధి ఉన్నట్టుండి వెడల్పయి, తిన్నగా మారిందంటే మురాత్ పేటలోకి వచ్చేసినట్టే. సముద్రాన్ని వీపు వైపు పెట్టుకుని అదే వీధిలో పావుగంట నడిస్తే స్టేషన్ గడియారం కనిపిస్తుంది.